ఙ, ఞలకు పని దొరికిన చోటు

గిడుగు రామమూర్తి పంతులుగారంటే మనకు ఆగస్టు 29 గుర్తొస్తుంది. ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం. ఊరూరా ఆయన పటానికో విగ్రహానికో దండ పడుతుంది, బడి పిల్లలకు వక్తృత్వపు పోటీ పెడతారు, సాయంత్రానికి ఫోన్లన్నీ శుభాకాంక్షలతో నిండిపోతాయి. వాడుక భాష కోసం పండితులతో తలపడ్డ మనిషిగా ఆయన్ని అందరూ ఎరుగుదురు. నేను చెప్పబోయేది ఆ తగువు గురించి కాదు. పంతులుగారి చేతి పనితనం చూడాలంటే తెలుగు మీద రాసిన పుస్తకాలు పక్కన పెట్టి, తనది కాని భాష మీద, సవరలనే కొండజాతి మాట మీద, ఆయన రాసినవి తెరవాలి. మద్రాసు గవర్నమెంటు ప్రెస్సు 1931లో అచ్చువేసిన సవర భాషా మాన్యువలు ఒకటి, 1933లో వచ్చిన ఇంగ్లీషు-సవర నిఘంటువు ఒకటి, 1938లో వచ్చిన సవర-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి.

నా దగ్గరున్నది మాన్యువలు జిరాక్సు ప్రతి. అక్షరాలు కొన్నిచోట్ల అలుక్కుపోయాయి. అయినా పేరు ఉన్న పేజీ ఒక్కటి చాలు, ఎలాంటి చెయ్యో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో పుస్తకం పేరు రాస్తూ ఆయన 'సోరా' అన్న మాట ముందు పెట్టారు. మనం పెట్టుకున్న 'సవర' అన్న పేరును బ్రాకెట్లలోకి తోశారు. వాళ్ళు తమను తాము పిలుచుకునే పేరు మొదటిది, పల్లపు జనం పిలిచేది రెండోది. అంతటితో ఆగలేదు. ఇంగ్లీషు ఓ అక్షరం పక్కన రెండు చుక్కలు, ఏ అక్షరం పక్కన రెండు చుక్కలు వేయించారు. ఇంగ్లీషు లిపికి దీర్ఘం చూపించే దిక్కు లేదు గదా, ఆ దీర్ఘాలవి. అచ్చు కూర్చేవాళ్ళు ఆ చుక్కలు చూసి ఎంత విసుక్కున్నారో! పుస్తకం ఇంకా తెరవకముందే, ఆ జాతి పేరు ఆ జాతి పలికినట్టే పలకమని చదివేవాణ్ణి నిలబెట్టి అడుగుతున్నట్టుంటుంది.

పంతులుగారు పుట్టింది 1863లో, శ్రీముఖలింగం దగ్గర వంశధార తీరాన పర్వతాలపేటలో. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. చరిత్ర చెప్పేవారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు తనంతట తనే నేర్చుకున్న రకం మనిషి. పర్లాకిమిడి కొండల అంచున ఉన్న ఊరు. కట్టెలు, చింతపండు, కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని సవరలు దిగి వచ్చేవారు, ఇచ్చింది పుచ్చుకుని ఎక్కిపోయేవారు. వాళ్ళ మాట ఊళ్ళో ఎవరికీ రాదు. వస్తే బాగుండునని అనుకున్నవాడూ లేడు. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. తరవాత కొండలెక్కారు. మన్యం జ్వరం పట్టింది, క్వినైను మింగారు. దాంతో వచ్చిన చెవుడు చివరిదాకా పోలేదు.

ఆ చెవుడు సంగతి మనసులో పెట్టుకుని కింది ముక్క చదవండి. సవరలో నీళ్ళకు ఒక మాట ఉంది. 'డ' అని, గొంతు ఠక్కున మూసి, మళ్ళీ తెరిచి 'అ' అనాలి. మధ్యలో వచ్చేది ఊపిరి కాదు, ఊపిరి ఆగడం. తెలుగువాడి చెవికి అది 'డా' అన్నట్టే వినిపిస్తుంది. మాట చివరి బ, డ, గలు కూడా అంతే. పెదవో నాలుకో మూసుకుంటుంది గాని గాలి బయటికి రాదు, సగం మింగేస్తారు. పల్లపువాడెవడైనా 'సవరోళ్ళు మాట నవుల్తారు' అని తీసిపారేసేది ఈ గొంతు నొక్కునే. పంతులుగారు దాన్ని నములుడు అనుకోలేదు. అదీ ఒక హల్లే, దానికీ ఒక లెక్క ఉందని పట్టుకున్నారు. వినికిడి తగ్గుతున్న మనిషి నిశ్శబ్దాన్ని ఇంత జాగ్రత్తగా నమోదు చేశాడంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఇక అక్షరాల సంగతి. మనం చిన్నప్పుడు పెద్దబాలశిక్ష ముందేసుకుని 'క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ' అని రాగం తీశాం. ఆ ఙ, ఞలతో తరవాత బతుకంతా మనకు పని పడలేదు. జ్ఞకారంలో వత్తుగా ఞ దాక్కుంటుంది, ఙ అయితే వాఙ్మయం లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప కనబడదు. పెళ్ళివారి బంతిలో పిలవని చుట్టాల్లా కూర్చుని ఉంటాయి రెండూ. సవరలో 'నేను' అనాలంటే 'ఞెన్' అనాలి. సూర్యుడు 'ఉయుఙ్'. మనకు అక్కరకు రాని రెండు అక్షరాలు కొండెక్కేసరికి పొద్దున్న లేచింది మొదలు లేకపోతే గడవనివి అయ్యాయి. మన ఖ, ఘ, ఛ, ఝల వంటి వత్తులకేమో అక్కడ పని లేదు.

పంతులుగారు సవర పిల్లల కోసం మొదట రాసిన వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తెలుగు లిపిలోనే రాశారు. సొంత డబ్బు పెట్టి సవర బడులు తెరిచి సవరలోనే చదువు చెప్పించారు. ఆ పుస్తకాల్ని 1911 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది, 1913లో రావు బహదూరు బిరుదు ఇచ్చింది. తెలుగు లిపి సవరకు చాలావరకు సరిపోతుంది గాని అక్కడక్కడ కారుతుంది. గొంతు నొక్కుకు మనకు గుర్తు లేదు. ఇ కీ ఉ కీ నడుమ నాలుక వెనక్కి లాగి పలికే అచ్చు ఒకటుంది, దానికీ లేదు. అందుకే పండితుల కోసం మాన్యువలు రాసే నాటికి అంతర్జాతీయ ధ్వనిలిపి పద్ధతికి మారిపోయారు. ఆ రెండు చుక్కల దీర్ఘం అక్కణ్ణుంచి వచ్చిందే. వడ్రంగి తలుపుకొక ఉలి, బొమ్మకొక ఉలి వాడినట్టు, పలక పట్టుకునే పిల్లవాడికి ఒక లిపి, భాష విప్పి చూసేవాడికి ఇంకో లిపి. ఏ లిపి మీదా ఆయనకు మూఢభక్తి లేదు. తెలుగు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి గనక ఇది నాకు గొప్పగా కనిపిస్తుంది.

లిపి అంటే రాజ్యాలకు ఎందుకంత పట్టింపో తెలియాలంటే, పంతులుగారు పుట్టిన 1863 వేసవిలోనే చాలా దూరాన జరిగిన ఇంకో సంగతి చూడాలి. ఆ జూలైలో రష్యా సామ్రాజ్యపు ఆంతరంగిక మంత్రి ప్యోతర్ వలూయెవ్ ఒక రహస్య సర్క్యులరు పంపాడు. ఉక్రెయిన్ భాష అనేది వేరే లేదని, అది పోలండు గాలి సోకి చెడిన రష్యనేనని అందులో చెప్పించాడు. చెప్పి, ఆ భాషలో మత గ్రంథాలూ పామరులకు చదువు చెప్పే పుస్తకాలూ అచ్చువేయడం ఆపించాడు. లేని భాషకు నిషేధం ఎందుకని అడిగినవాడెవడైనా ఉన్నాడో లేదో మరి. కథలు, కవిత్వాలు రాసుకోనిచ్చాడు. కవిత్వం వదిలి వాచకం పట్టుకున్నాడంటే, ఏది ఎక్కడ తెంపితే భాష ఎండుతుందో బాగా తెలిసినవాడన్నమాట. 1876లో జర్మనీలోని ఎమ్స్ అనే ఊళ్ళో సేదదీరుతూ జారు రెండో అలెగ్జాండరు ఇంకాస్త బిగించాడు. బయటినుంచి ఉక్రెయినీ పుస్తకాలు రాకూడదు, నాటకాలు ఆడకూడదు, పాటల సాహిత్యం అచ్చు కాకూడదు. అచ్చుకు ఒప్పుకున్న కాసిని కథలకూ కవితలకూ రష్యన్ వర్ణక్రమమే వాడాలి. నీ మాట రాసుకో, మా అక్షరాలతో రాసుకో అని.

అదే 1863 డిసెంబరులో అక్కడ బోరిస్ హ్రించెంకో పుట్టాడు. ఆయనా పల్లెటూరి బడిపంతులే. ఆ నిషేధాల కింద పెరిగి, ఊళ్ళు తిరిగి మాటలు, పాటలు పోగుచేశాడు. 1907 నుంచి 1909 దాకా కీవ్‌లో నాలుగు సంపుటాల ఉక్రెయినీ నిఘంటువు తెచ్చాడు. సుమారు 68,000 మాటలు. అందులో ఆయన వాడిన వర్ణక్రమమే ఇవాళ్టి ఉక్రెయినీ రాతకు పునాది. ఉక్రెయినీలో గకారానికి రెండు అక్షరాలున్నాయి. ఒకటి మన హకారం వైపు ఒరిగి పలుకుతుంది, రెండోది మన 'గ' లాగే గట్టిగా. ఆ గట్టి గ ను 1933లో సోవియట్ ప్రభుత్వం అక్షరమాలలోంచే పీకేసింది. 1990లో గాని అది తిరిగి రాలేదు. ఒక్క అక్షరం తీసేస్తే ఏమవుతుంది అంటారు గాని, దాన్ని తీసేవాడికి తెలుసు ఏమవుతుందో.

హ్రించెంకో నిఘంటువులో మాటలు ఉక్రెయినీ, అర్థాలు రష్యన్. పంతులుగారి నిఘంటువులో మాటలు సవర, అర్థాలు ఇంగ్లీషు. ఇద్దరూ ఏలేవాడి భాషలోనే ఒప్పజెప్పవలసి వచ్చింది. పోలిక అక్కడితో సరి. మద్రాసు ప్రభుత్వం సవరను నిషేధించలేదు, పైపెచ్చు తన ప్రెస్సులో అచ్చువేసింది. ఇక్కడ సర్క్యులరు అవసరం పడలేదు. కోర్టులో దుబాసీ ఏం చెబితే అదే సవర సాక్ష్యం. షావుకారు పద్దు తెలుగులో. కొండ బడిలో పంతులు పల్లం నుంచి వచ్చినవాడు, పుస్తకం తెలుగు. దొర పేరు మీద జరిగినా, సవర పిల్లాడి వైపు నుంచి చూస్తే సామ్రాజ్యం తెలుగులోనే మాట్లాడింది, గట్టుకు అవతలైతే ఒడియాలో. ఈ మాట ఆగస్టు 29 సభల్లో ఎవరూ అనరు.

నేనూ ఆ సామ్రాజ్యంలో చిన్న జీతగాణ్ణే అనుకోవాలి. మా బడిలో హాస్టలు పిల్లలు ఉండేవారు, కొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. నా బెంచీలో కూర్చునేవాడు ఒకడు. లెక్కల మేష్టారు పలక మీద 33 రాసి 'ఎంతరా?' అని అడిగితే వాడు కాసేపు వేళ్ళు చూసుకుని 'ఇరవయ్యి పన్నెండు ఒకటండి' అన్నాడు. క్లాసంతా పడి నవ్వాం. మేష్టారు బెత్తం తీసి 'ఇదేటిరా ఇరవయ్యి పన్నెండు, మీ కొండ లెక్కా?' అని రెండు వేశారు. వాడు ఆ ఏడు దాటి చదవలేదు.

ముప్పై ఏళ్ళ తరవాత మాన్యువల్లో అంకెల దగ్గరికి వచ్చాను. సవరలో పన్నెండు దాకా మాటలు వరసగా ఉన్నాయి. పది 'గెల్జి', పదకొండు 'గెల్మోయ్', పన్నెండు 'మిగ్గల్'. పదమూడు దగ్గర మళ్ళీ మొదలవుతుంది: 'మిగ్గల్‌బోయ్', అంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిది 'మిగ్గల్‌గుల్జి', పన్నెండూ ఏడు. ఇరవైకి 'బొకోడి', ఒక ఇరవై. ముప్పై మూడు 'బొకోడి మిగ్గల్‌బోయ్': ఇరవై, పన్నెండు, ఒకటి. వాడు తప్పు చెప్పలేదు. తన భాషలో సరిగ్గా లెక్క వేసుకుని, మాకోసం మాట మాటకూ తెలుగు చేసి చెప్పాడు. ఆ రోజు క్లాసులో రెండు భాషల్లో లెక్క వచ్చినవాడు వాడొక్కడే. మా తాతగారు ధాన్యం కొలిచేటప్పుడు ఇరవై తూములు ఒక పుట్టి అనేవారు, కోడిగుడ్లు మేం డజన్లలో కొనేవాళ్ళం. ఇరవై, పన్నెండు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు.

అంకెలు దాటి క్రియల దగ్గరికి వస్తే పనితనం ఇంకా చిక్కబడుతుంది. సవరలో కోడి 'కన్సిమ్', మేక 'కిమ్మెడ్', కుక్క 'కిన్సొడ్'. ఇవి నిలబడి నడిచే మాటలు. ఇవే క్రియలోకి దూరాల్సి వస్తే తలపాగా తీసేసి దూరతాయి: సిమ్, మెడ్, సొడ్. చేప పట్టుకుంటున్నాడు అనడానికి 'ఞమ్‌యోతెన్' అంటారు. ఞమ్ అంటే పట్టు, యో అంటే చేప, తెన్ అన్న తోక పని జరుగుతోందని చెబుతుంది. చేప క్రియ కడుపులోకి వెళ్ళిపోయింది. భాషాశాస్త్రజ్ఞులు సవర పేరు ఎత్తగానే చూపించే మాట ఒకటుంది, 'పొపొఙ్‌కున్‌తమ్'. పొ: పొడు. పొఙ్: కడుపు, పూర్తి మాట 'కింపొఙ్'. కున్: కత్తి, పూర్తి మాట 'కుండి'. త్: ఇక జరగబోయేది. అమ్: నిన్ను. నిన్ను కడుపులో కత్తితో పొడుస్తాడు! వ్యాకరణానికి ఇంత నెత్తురు ఉదాహరణ కావలసిందేనా అనిపిస్తుంది గాని, విప్పి చూస్తే అయిదు ముక్కలూ దేని చోట అది అమిరి కూర్చున్నాయి. మనకు నాలుగు మాటలు పట్టే సంగతి ఒక్క మాటలో అయిపోయింది.

బడి వ్యాకరణం చదువుకున్నవాడు ఇలాంటి భాష దగ్గరికి వెళ్తే కర్త, కర్మ, క్రియ అని సంచులు పట్టుకుని వెళ్తాడు. చేప కర్మ గనక కర్మ సంచిలో వేద్దామని చూస్తాడు, అది దొరకదు. తెలుగు చట్రమో సంస్కృతపు చట్రమో తెచ్చి బిగించి, పట్టనిదాన్ని 'అపభ్రంశం' అని చెత్తలోకి ఊడ్చేస్తాడు. వలూయెవ్ చేసింది అదే గదా, రష్యన్ చట్రంలో పట్టనిదంతా చెడిన రష్యన్. పంతులుగారు చట్రం తీసుకెళ్ళలేదు. తెలుగు విషయంలో చిన్నయసూరి సూత్రాలకు పట్టని వాడుకను తప్పు అనకండని పండితులతో పోట్లాడిన బుద్ధే ఇక్కడా పనిచేసింది. నన్నడిగితే, ఆ బుద్ధి ఆయనకు సవర కొండల మీదే పదునెక్కింది. నోటి మాటకు నియమం ఉంటుందని ఏ పుస్తకమూ చెప్పని భాషలో స్వయంగా కనిపెట్టినవాడికి, తెలుగు నోటి మాటకు నియమం లేదని ఎవరు చెప్పినా నవ్వు రాదూ? ఆయన సవర చదువు మొదలుపెట్టిన చాలా ఏళ్ళకు గాని వాడుక భాష ఉద్యమం రాలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అటు పోయింది. పోకూడదని పంతులుగారు చాలా పోరాడారు. ఆ పొద్దున్నే, అక్కడ కొత్త రాష్ట్రం పండగ జరుగుతుండగా, అర్ధ శతాబ్దం పైగా బతికిన ఊరు వదిలేసి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్భై రెండేళ్ళు. ఆ కొండలు కనిపించేంత దగ్గర్లో ఆయన మళ్ళీ లేరు. మరి రెండున్నర నెలలకు, జూన్ 18న, గట్టుకు అవతల సవరల్లోనే మంగై గొమాంగో అనే ఆయన సోరాంగ్ సోంపెంగ్ అని కొత్త లిపి చేశాడు. 24 అక్షరాలు, అక్షరానికొక దేవత. తెలుగు అక్షరాలు కాదు, ఒడియా కాదు, దొరల ధ్వనిలిపీ కాదు. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఆ కొండలు మావంటే మావని కొట్టుకున్న సంవత్సరంలోనే సవరలు తమ అక్షరాలు తాము చేసుకున్నారు. వాటిని ఉత్త గుర్తులుగా చూడరు, పూజిస్తారు. 2012లో అవి కంప్యూటర్ల యూనికోడ్‌లోకీ వచ్చాయి. ధ్వనులకు గుర్తుల జత కూర్చడం వరకు చూస్తే పంతులుగారి పద్ధతే కచ్చితమైనదని నా మట్టుకు నాకు అనిపిస్తుంది. కానీ దానికి ఎవరూ పసుపు రాసి దండం పెట్టలేదు.

పంతులుగారు 1938 నిఘంటువు కళ్ళ చూసి 1940 జనవరి 22న పోయారు. పని ఇంట్లోనే కొనసాగింది, కొడుకు గిడుగు సీతాపతిగారు సవరల గురించి రాస్తూ పోయారు. బడిలోకి సవర తిరిగి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 2004లో మన రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల చదువు చెప్పే పథకం మొదలైంది. సవర అందులో ఒకటి, వాచకాలు తెలుగు లిపిలో. 2011 జనాభా లెక్కల్లో ఆ భాష తమదన్నవాళ్ళు నాలుగు లక్షల పైచిలుకు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి, ఇది లేదు. సీతంపేట సవర ఊళ్ళు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. రాష్ట్రమో జిల్లానో గీత గీసినప్పుడల్లా వాళ్ళ మధ్యనుంచే వెళ్తుంది.

పోయిన సీతాఫలాల కాలంలో సంతకు వెళ్ళాను. గంప ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది, ముక్కుకు బేసర, చెవుల నిండా పోగులు.

"డజను ఎంతమ్మా?"

"అరవై ఇయ్యి బావూ."

బేరం ఆడలేదు, సంచి పట్టాను. ఆమె ఒక్కో పండూ వేస్తూ పెదవుల కింద లెక్క పెట్టుకుంటోంది. తెలుగు కాదు. చివరి మూడూ నాకు అందాయి: గెల్జి, గెల్మోయ్, మిగ్గల్.

"కొసరు వెయ్యవా అమ్మా?" అన్నాను.

ఓసారి నా మొహంలోకి చూసి, గంపలో వెతికి చిన్న కాయ ఒకటి తీసి సంచిలో పడేసింది.

"మిగ్గల్‌బోయ్," అంది.